కాంప్టన్ వీధి నుంచి పులిట్జర్ దాకా: కెండ్రిక్ లమార్ ర్యాప్ శైలీ పరిణామం

మౌఖిక సాహిత్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా గతకాలపు విషయంగానే మాట్లాడుతుంటాం. బుర్రకథ, ఒగ్గుకథ, జముకులకథ వంటి వాటిని సేకరించి భద్రపరచవలసిన పాత సొత్తుగా చూడడం మనకు అలవాటైంది. అయితే నోటిమాటను తాళానికి కట్టి, జనం ఎదుట నిలిచి కథ చెప్పే కళ ఒకటి 1970లలో ఒక మహానగరంలో కొత్తగా పుట్టింది. యాభై ఏళ్లలో అది ప్రపంచమంతా వ్యాపించింది. అదే ర్యాప్. ఆ కళలో మన కాలపు ప్రముఖుల్లో ఒకరైన కెండ్రిక్ లమార్ శైలి దశలవారీగా ఎలా మారుతూ వచ్చిందో, ఆ మార్పులకు కారణాలేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు అధ్యయన పత్రికలో ఈ విషయమెందుకని పాఠకులకు సందేహం కలగవచ్చు. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో పెరిగిన మన విద్యార్థులలో చాలామందికి ఒక బెరుకు ఉంటుంది. తమ ఇంట్లో మాట్లాడేది సరైన తెలుగు కాదేమో, దానితో రచన చేస్తే నవ్వుతారేమో అన్నదే ఆ బెరుకు. పాఠశాలలో తప్పుగా లెక్కించే మాటతీరు గల సమాజం నుంచి వచ్చిన ఒక కళాకారుడు, ఆ మాటతీరును వదలకుండానే తన దేశంలో అత్యున్నతమైన సంగీత పురస్కారాన్ని పొందాడు. ఆయన ప్రయాణం మన విద్యార్థులకు పనికివస్తుందనే నమ్మకంతోనే దీనిని ఎంచుకున్నాం.

ర్యాప్ పుట్టుక

ర్యాప్ చరిత్రను సాధారణంగా 1973 ఆగస్టు 11 నుంచి లెక్కిస్తారు. న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే ఇంటి సముదాయంలో, జమైకా నుంచి వచ్చిన కుటుంబానికి చెందిన డి.జె. కూల్ హెర్క్ ఆ రోజు ఒక విందులో గ్రామఫోను రికార్డులు వేశాడు. రికార్డులో వాద్యం మాత్రమే మోగే చిన్న ముక్కను రెండు యంత్రాల మీద మార్చి మార్చి మోగించి, నాట్యం చేసేవారికోసం దానిని సాగదీయడం ఆయన ప్రత్యేకత. ఆ వాద్యం మీద జనాన్ని ఉత్సాహపరచడానికి పలికిన మాటలు క్రమంగా ప్రాసబద్ధమైన చరణాలుగా మారాయి. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ వారి రికార్డుతో ఈ కళ రేడియోకెక్కింది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం వెలువరించిన ‘ద మెసేజ్’ పేదవాడల జీవితాన్ని వస్తువుగా తీసుకుంది. 1987లో రకీమ్ అనే కళాకారుడు పాదాంతంలోనే కాక పాదం మధ్యలో కూడా ప్రాసలు కూర్చి, వాక్యాన్ని పాదం దాటించి నడిపే పద్ధతిని స్థిరపరిచాడు.

ఇక్కడ రెండు పారిభాషిక పదాలను వివరించుకోవాలి. నాలుగు దెబ్బల తాళావర్తాన్ని ర్యాపులో ‘బార్’ అంటారు. పదహారు బార్లది ఒక చరణంగా వాడుకలో ఉంది. ఆ ఆవర్తంలో అక్షరాలను ఎక్కడ ఒత్తి, ఎక్కడ జార్చి, ఎక్కడ ఆపి పలుకుతాడన్నది ‘ఫ్లో’. మన మాటల్లో చెప్పాలంటే ఇది నడక. తాళం చతురశ్రంలో సాగుతుండగా మాట తిశ్రంలో సాగవచ్చు. మధ్యలో గతి మార్చవచ్చు. మన పద్యంలో ప్రాస రెండవ అక్షరం మీద ఉంటే, ర్యాపులో ప్రధానంగా పాదాంతంలో ఉంటుంది. కళాకారుడి శైలి అన్నప్పుడు ఈ నడక, ప్రాసల కూర్పు, కంఠస్వరం, కథనరీతి అన్నీ కలిసి వస్తాయి.

కాంప్టన్, కుటుంబం, బాల్యం

కెండ్రిక్ లమార్ డక్‌వర్త్ 1987 జూన్ 17న కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్ పట్టణంలో పుట్టాడు. ‘ద టెంప్టేషన్స్’ బృందంలోని గాయకుడు ఎడ్డీ కెండ్రిక్స్ పేరు మీద తల్లి ఆయనకు ఆ పేరు పెట్టింది. తల్లిదండ్రులు షికాగో వాడల్లోని ముఠా తగాదాల నుంచి దూరంగా బతకాలని 1984లో అక్కడికి వలస వచ్చినవారు. వారు తెచ్చుకున్న సొమ్ము 500 డాలర్లని ఆయన చెప్పాడు.

ఆ వలసకు వెనుక మరొక పెద్ద వలస ఉంది. 1910 నుంచి 1970 వరకు సుమారు అరవై లక్షల మంది నల్లజాతివారు దక్షిణాది పత్తి పొలాలను వదిలి షికాగో, డెట్రాయిట్, లాస్ ఏంజెలెస్ వంటి నగరాలకు తరలిపోయారు. వారు వెళ్లిన చోటికి తమ పాటను, ప్రార్థనను, మాటతీరును కూడా తీసుకువెళ్లారు. కాంప్టన్ మొదట్లో తెల్లవారి పట్టణం. ఇళ్ల అమ్మకాలలో జాతి నిషేధపు ఒప్పందాలను న్యాయస్థానాలు అమలుపరచరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాత అక్కడికి నల్లజాతి మధ్యతరగతి వారు చేరడం మొదలైంది. 1965 వాట్స్ అల్లర్ల తరువాత తెల్లవారు వెళ్లిపోవడం వేగంగా జరిగింది. తరువాత కర్మాగారాలు మూతపడ్డాయి. 1980లలో మాదకద్రవ్యాల వ్యాపారం, బ్లడ్స్, క్రిప్స్ అనే ముఠాల పోరు ఊరిని కమ్ముకున్నాయి. 1988లో ఎన్.డబ్ల్యు.ఎ. బృందం తన తొలి ఆల్బమ్‌తో ఈ ఊరి పేరును ప్రపంచానికి, భయంగొలిపే రీతిలో, పరిచయం చేసింది.

ఈ వాతావరణంలో పెరిగిన కెండ్రిక్ చదువులో చురుకైనవాడు. చిన్నతనంలో కొంత నత్తి ఉండేది. ఎనిమిదేళ్ల వయసులో, 1995లో, తండ్రి భుజాల మీద కూర్చుని, కాంప్టన్ సంతబజారు దగ్గర టూపాక్ షకూర్, డాక్టర్ డ్రే ఒక పాట చిత్రీకరిస్తుండగా చూశాడు. ఏడవ తరగతిలో ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు కవిత్వం రాయించడంతో కాగితం మీద మాటలు కూర్చడం పట్టుబడింది. ఒకటి వీధి చూపించింది; రెండవది బడి నేర్పింది. ఆయన శైలిలో ఈ రెండూ చివరిదాకా కనిపిస్తాయి.

అనుకరణ దశ (2003–2009)

పదహారేళ్ల వయసులో, 2003లో, ‘కె.డాట్’ అనే పేరుతో కెండ్రిక్ తొలి మిక్స్‌టేప్ వెలువరించాడు. మిక్స్‌టేప్ అంటే దుకాణానికి వెళ్లకుండా చేతులు మారుతూ ప్రచారమయ్యే పాటల సంపుటి. దానిని విన్న ఆంథొనీ టిఫిత్ తన ‘టాప్ డాగ్’ సంస్థలోకి ఆయనను తీసుకున్నాడు. ఈ దశలోని పాటల్లో ఎక్కువభాగం స్వోత్కర్షే. జే-జీ తరహా ధీమా, లిల్ వేన్ తరహా బొంగురు గొంతు, శ్లేషలు కనిపిస్తాయి. 2009లోని ‘సి4’ అనే మిక్స్‌టేప్ లిల్ వేన్ ఆల్బమ్ ఒకదానిని నమూనాగా పెట్టుకుని చేసినదే.

వీటిని తేలిగ్గా తీసిపారేయడం సరికాదు. శతకాలు వల్లెవేసి, ఇతరుల పద్యాల నడకలో తన పద్యం కట్టి చూసుకున్న తరువాతనే మన కవులు సొంత గొంతు సంపాదించుకున్నారు. కెండ్రిక్ కూడా ఇతరుల నడకలను అలా సాధన చేశాడు. తరువాతి కాలంలో ఒకే పాటలో నాలుగైదు గొంతులు మార్చగలగడానికి ఈ అనుకరణే పునాది. 2009 చివరిలో ఆయన ‘కె.డాట్’ పేరు వదిలి, తల్లి పెట్టిన పేరుతోనే రికార్డు వెలువరించాడు. పేరుతోపాటు వస్తువు కూడా మారింది. గొప్పలు తగ్గి, ఇల్లు, వీధి, స్నేహితులు వచ్చారు.

కథకుడి దశ (2010–2012)

2011 జులైలో వచ్చిన ‘సెక్షన్.80’ ఆయన మొదటి పూర్తి ఆల్బమ్. పేదలకు ఇచ్చే ప్రభుత్వ గృహవసతి పథకం పేరును, తాను పుట్టిన 1980ల దశకాన్ని కలిపి ఈ పేరు పెట్టాడు. రేగన్ పాలనాకాలంలో, మాదకద్రవ్యాల నీడలో పుట్టిన పిల్లల కథలివి. అందులో కీషా అనే పడుచు కథ ఒకటి. బతుకు గడవక ఒళ్లమ్ముకుని చివరకు హత్యకు గురైన అమ్మాయి ఆమె. ఆ ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్ వేదిక మీద స్నూప్ డాగ్ తదితర పెద్దలు పశ్చిమతీరపు వారసుడిగా ఆయనను ప్రకటించారు.

2012 అక్టోబరు 22న ‘గుడ్ కిడ్, మాడ్ సిటీ’ వెలువడింది. దీనికి లఘుచిత్రమని ఉపశీర్షిక. పదిహేడేళ్ల కుర్రవాడు తల్లి వ్యాను తీసుకుని ఒక అమ్మాయిని చూడబోవడం, ముఠావారి చేతిలో దెబ్బలు తినడం, ప్రతీకారానికి వెళ్లిన స్నేహితులలో ఒకరి తమ్ముడు చనిపోవడం, ఒక ముసలావిడ వారిచేత ప్రార్థన చేయించడం ఇందులోని కథ. సంఘటనలు కాలక్రమంలో రావు. మధ్యమధ్య తల్లిదండ్రులు ఫోనులో వదిలిన సందేశాలు వినిపిస్తాయి. వ్యాను ఇంకా తీసుకురాలేదని తల్లి కేకలేస్తుంటుంది. నెత్తుటి కథ మధ్యలో ఆ ఇంటిగొంతు ఎంతో ఊరటనిస్తుంది.

ఈ ఆల్బమ్‌లో పన్నెండు నిమిషాలపాటు సాగే ఒక పాటను ప్రత్యేకంగా పరిశీలించాలి. ‘సింగ్ అబౌట్ మి, ఐయామ్ డయింగ్ ఆఫ్ థర్‌స్ట్’ దాని పేరు. మొదటి చరణంలో మాట్లాడేది చనిపోయిన స్నేహితుడి అన్న. ప్రతీకారం వదలలేనని చెబుతూ, ఆల్బమ్ వచ్చేలోగా తాను పోతే తనను గురించి పాడమని అడుగుతుండగానే తుపాకీ మోత వినిపించి మాట తెగిపోతుంది. రెండవ చరణంలో మాట్లాడేది కీషా చెల్లెలు. తమ అక్క కథను పాటగా కట్టి లోకానికి చెప్పే హక్కు నీకెవరిచ్చారని ఆమె కెండ్రిక్‌ను నిలదీస్తుంది. తనను గురించి పాడవద్దంటుంది. తాను అణగిపోనని చెబుతూ ఉండగానే ఆమె గొంతు మెల్లగా వినబడకుండా పోతుంది. మూడవ చరణంలో మాత్రమే కెండ్రిక్ తన గొంతుతో మాట్లాడతాడు.

జనం కథను కళగా మార్చే ప్రతి రచయితకూ ఎదురయ్యే ప్రశ్న ఇది. తన పాత పాట మీద వచ్చిన అభ్యంతరాన్ని కొత్త పాటలో వాదికే గొంతునిచ్చి వినిపించడం అరుదైన నిజాయితీ. శిల్పం దృష్టితో చూసినా, భావం చెప్పే పనిని ధ్వని చేయడం ఇక్కడ విశేషం. ఒకరి మరణాన్ని తెగిన వాక్యం, మరొకరి మరుపును తగ్గిపోయే స్వరం తెలియజేస్తాయి. మన బుర్రకథలో కథకుడు, రాజకీయం చెప్పే వంత, హాస్యం చెప్పే వంత అని మూడు గొంతులుంటాయి. కెండ్రిక్ ఒక్క గొంతులోనే ఆ ముగ్గురినీ పలికించాడు.

ఈ ఆల్బమ్ మొదటివారంలో 2,42,000 ప్రతులు అమ్ముడుపోయింది. 2014లో గ్రామీ పురస్కారాలకు ఆయనకు ఏడు ప్రతిపాదనలు వచ్చినా ఒక్కటీ దక్కలేదు.

జాజ్ దశ (2013–2016)

పేరు వచ్చిన తరువాత చాలామంది అదే పద్ధతిని మళ్లీ వాడుకుంటారు. కెండ్రిక్ అలా చేయలేదు. 2014లో దక్షిణాఫ్రికా వెళ్లి, నెల్సన్ మండేలా బందీగా ఉన్న రాబెన్ ద్వీపపు గదిని చూశాడు. తిరిగి వచ్చి అప్పటికే సిద్ధమైన పాటల్లో చాలావాటిని పక్కన పెట్టానని తరువాత చెప్పాడు. 2015 మార్చిలో వచ్చిన ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’కి కమాసీ వాషింగ్టన్, థండర్‌క్యాట్, టెర్రెస్ మార్టిన్, రాబర్ట్ గ్లాస్పర్ వంటి జాజ్ కళాకారులు వాద్యం సమకూర్చారు. యంత్రపు తాళం స్థానంలో మనుషుల చేతి తాళం వచ్చింది. తాళం స్థిరంగా ఉండకపోవడంతో మాట నడక కూడా విడిపోయింది. ఒక పాటలో ఆయన పలుకు శాక్సోఫోను స్వరకల్పనలా పరుగెత్తుతుంది. ‘యు’ అనే పాటలో హోటలు గదిలో తాగి ఏడుస్తున్న మనిషిగా, గొంతు చీలి, మాట తడబడి, తనను తానే తిట్టుకుంటాడు. నత్తి ఉన్న బాలుడు నేర్చుకున్న స్పష్టతను ఇక్కడ కావాలని చెడగొట్టుకోవడం గమనించదగినది.

ఆల్బమ్ నిర్మాణం కూడా కొత్తది. పాటల మధ్య ఒక కవితను చదువుతూ, ప్రతిసారీ మరికొంత కలుపుతూ పోతాడు. చివరి పాటలో కవిత పూర్తవుతుంది. ఆయన దానిని టూపాక్ షకూర్‌కు చదివి వినిపిస్తున్నాడని అప్పుడు తెలుస్తుంది. టూపాక్ 1996లోనే హత్యకు గురయ్యాడు. 1994లో ఒక స్వీడన్ పాత్రికేయుడు ఆయనతో చేసిన సంభాషణ ధ్వనిముద్రణ నుంచి జవాబులు తీసి, వాటికి తన ప్రశ్నలు కూర్చి కెండ్రిక్ ఈ ముఖాముఖిని కల్పించాడు. చివరి ప్రశ్నకు జవాబు రాదు. ఆల్బమ్ అక్కడే ముగుస్తుంది.

ఇందులోని ‘ఆల్‌రైట్’ అనే పాట రికార్డు నుంచి వీధిలోకి వచ్చింది. 2015 జులైలో క్లీవ్‌లాండ్‌లో పోలీసులను ఎదిరించి నిలిచిన ప్రదర్శకులు దాని పల్లవిని నినాదంగా పాడారు. తరువాత ఇతర నగరాల ఊరేగింపుల్లో కూడా అది వినిపించింది. పల్లవి చిన్నది, మాటలు వాడుకవి, ఆశ కలిగించేది కావడంతో గుంపు నోట పట్టింది. చరణాలు మాత్రం భయంతో, ఆత్మనిందతో నిండి ఉంటాయి. ఆ పాటను ఆశావాద గీతమని మాత్రమే చెప్పడం సగం వినడమే అవుతుంది. 2016లో ఆయనకు అయిదు గ్రామీలు వచ్చాయి.

క్లుప్తత, పులిట్జర్, మాటతీరు (2017–2018)

2017 ఏప్రిల్ 14న వచ్చిన ‘డామ్’లో జాజ్ వైభవం కనిపించదు. పద్నాలుగు పాటలకూ ఒక్కొక్క మాట పేర్లే. వాద్యం పలుచన, పాదాలు కురచ, ప్రాసలు గట్టి. ‘హంబుల్’ అనే పాట అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది. చివరి పాట ‘డక్‌వర్త్’ ఒక నిజమైన యాదృచ్ఛికతను చెబుతుంది. టాప్ డాగ్ సంస్థాధిపతి టిఫిత్, తన యవ్వనంలో దోచుకోదలచిన కోడిమాంసపు దుకాణంలో కెండ్రిక్ తండ్రి పనివాడు. ఆ పనివాడు ముందే పసిగట్టి, వచ్చినప్పుడల్లా కాస్త ఎక్కువ వడ్డించి మంచి చేసుకోవడంతో అతని ప్రాణం మిగిలింది. ఒక చిన్న దయ రెండు జీవితాలను ఎలా మార్చిందో చెప్పి, ధ్వనిని వెనక్కి తిప్పి ఆల్బమ్‌ను మొదటి మాట దగ్గరకు తెస్తాడు. ఆ ఏడాది డిసెంబరులో పాటలను చివరి నుంచి మొదటికి అమర్చిన ప్రతి కూడా వెలువడింది. ఆ వరుసలో వింటే కథ వేరుగా అర్థమవుతుంది.

2018 ఏప్రిల్ 16న ఈ ఆల్బమ్‌కు సంగీతంలో పులిట్జర్ పురస్కారం ప్రకటించారు. 1943 నుంచి ఇస్తున్న ఈ పురస్కారం అంతవరకు శాస్త్రీయ, జాజ్ సంగీతాలకే దక్కింది. న్యాయనిర్ణేతలు తమ ప్రశంసలో ఆయన దేశీయమైన మాటలోని నిజాయితీని, లయలోని చైతన్యాన్ని పేర్కొన్నారు. ఈ మొదటి మాట మన విద్యార్థులు గుర్తు పెట్టుకోవలసినది.

నల్లజాతివారి ఇంగ్లీషును చాలాకాలం చెడిపోయిన ఇంగ్లీషుగానే చూశారు. 1960లలో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త హార్లెం పిల్లల మాటను పరిశోధించి, దానికి క్రమబద్ధమైన వ్యాకరణం ఉందని చూపాడు. ఉదాహరణకు, ఆ మాటతీరులో ‘అతను డాక్టరు’ వంటి వాక్యంలో క్రియ లేకపోవడాన్ని బడిలో తప్పుగా దిద్దుతారు. తెలుగులో అదే నియమం. అట్లాగే ‘రోజూ వస్తాడు’, ‘ఇప్పుడు వస్తున్నాడు’ అని అలవాటుకూ జరుగుతున్న పనికీ మనం వేరు రూపాలు వాడినట్లే, వారు కూడా అలవాటును తెలిపేందుకు ప్రత్యేక రూపం వాడతారు. 1979లో మిషిగన్ రాష్ట్రంలోని ఒక న్యాయస్థానం, పిల్లలకు చదువు చెప్పేటప్పుడు వారి ఇంటిమాటను పరిగణించాలని తీర్పు చెప్పింది. 1996 డిసెంబరులో ఓక్లాండ్ పాఠశాలల మండలి ఇదే దారిలో తీర్మానం చేస్తే దేశమంతా ఎగతాళి చేసింది. ఆ ఎగతాళి జరిగిన ఇరవై రెండేళ్లకు ఆ మాటతీరుకే పులిట్జర్ వచ్చింది.

వ్యావహారికానికి గౌరవం కోసం పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) కార్యక్షేత్రం నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి అన్నది ఇక్కడ తలచుకోవాలి. వాడుకమాటకు విలువ తెచ్చే వాదం మన భాషలో అంచుల నుంచి కూడా గట్టిగా వినిపించింది.

అయితే వాడుకమాట అంతా అందరి సొత్తు కాదు. 2018 మేలో అలబామాలో ఒక కచేరీలో కెండ్రిక్ ఒక తెల్లజాతి అభిమానిని వేదిక మీదికి పిలిచి తనతో పాడమన్నాడు. ఆమె పాటలోని జాతినిందా పదాన్ని అట్లాగే పలకడంతో ఆపేశాడు. తన సమాజం తమలో తాము వాడుకునే ఆ పదం బయటివారి నోట వేరే అర్థమిస్తుందని ఆయన అభిప్రాయం. అంతకుముందు ‘ఐ’ అనే పాట ఆల్బమ్ ప్రతిలో, ఆ పదానికి దగ్గరగా వినిపించే ఇథియోపియా పదం ‘నెగుస్’కు రాజు అని అర్థమని చెప్పి, నిందను తిరగరాయడానికి ప్రయత్నించాడు. పిలిచి పాడమన్నవాడే తప్పుపట్టడం ఎంతవరకు న్యాయమని అప్పట్లో వాదాలు జరిగాయి.

ఆత్మపరిశీలన దశ (2022)

తరువాతి అయిదేళ్లు ఆయన దాదాపు మౌనంగా ఉన్నాడు. 2022 మే 13న రెండు భాగాలుగా ‘మిస్టర్ మొరేల్ అండ్ ద బిగ్ స్టెపర్స్’ వచ్చింది. మనోవైద్యుని ముందు కూర్చుని మాట్లాడే పద్ధతి ఇందులోది. పాటల మధ్య నేలను తట్టే నాట్యపు అడుగుల చప్పుడు వినిపిస్తుంది. బాధ నుంచి తప్పించుకుంటూ చుట్టూ తిరగడానికి అది గుర్తు. ఒక పాటలో భార్యాభర్తల్లాంటి ఇద్దరు తాళానికి తిట్టుకుంటారు. మరో పాటలో తన తండ్రి నేర్పిన మగతనపు కాఠిన్యాన్ని తడిమి చూసుకుంటాడు. ‘మదర్ ఐ సోబర్’లో స్వరం దాదాపు గుసగుసగా తగ్గి, తరతరాలుగా కుటుంబాల్లో దాచిన లైంగిక హింస గురించి మాట్లాడుతుంది.

ఈ ఆల్బమ్‌లో ఆయన తాను రక్షకుడిని కానని స్పష్టంగా చెప్పాడు. ‘ఆల్‌రైట్’ తరువాత జనం ఆయన మీద పెట్టిన బరువును దించుకునే ప్రయత్నమిది. శ్రోతల్లో కొందరు నిరాశపడ్డారు. లింగమార్పిడి చేసుకున్న బంధువుల గురించి సానుభూతితో చెప్పిన పాటలో కూడా పాత పేర్లను, నిందాపదాలను వాడడం మీద విమర్శ వచ్చింది. సాఫీగా వినిపించే ఆల్బమ్ కాదిది. అయితే ఇతరుల కథలు చెప్పినవాడు తన ఇంటి కథ చెప్పకుండా ఉండలేడన్న న్యాయం దీనిలో ఉంది. కీషా చెల్లెలు అడిగిన ప్రశ్నకు పదేళ్ల తరువాత వచ్చిన జవాబుగా దీనిని వినవచ్చు.

వాగ్యుద్ధం, ఊరిమాట (2024–2025)

2024 వసంతంలో కెనడాకు చెందిన డ్రేక్ అనే ప్రఖ్యాత కళాకారుడితో కెండ్రిక్‌కు పాటల యుద్ధం జరిగింది. నల్లజాతి కుర్రవాళ్లు ఒకరినొకరు వెక్కిరిస్తూ ఆడే మాటలపోటీ నుంచి ఇది ర్యాపులోకి వచ్చింది. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు కవులకూ జరిగిన వివాదం తెలిసిన మనకు కవుల కయ్యం కొత్తకాదు. మే 4న వచ్చిన ‘నాట్ లైక్ అస్’ ఈ యుద్ధంలో గెలుపు పాటగా నిలిచింది. ఇరుపక్షాలూ రుజువులు చూపకుండానే వ్యక్తిగతమైన తీవ్రనిందలు చేసుకున్నాయి. మాటచాతుర్యాన్ని మెచ్చుకునేటప్పుడు కూడా ఈ విషయాన్ని మరచిపోకూడదు.

శైలి దృష్టితో చూస్తే ఈ పాట ఆయన్ను ఊరికి తిరిగి తెచ్చింది. మస్టర్డ్ అనే లాస్ ఏంజెలెస్ స్వరకర్త కూర్చిన నాట్యపు తాళం, పశ్చిమతీరపు కుర్రవాళ్ల సాగదీత పలుకు, జనం బదులు పలికే పల్లవి ఇందులో ఉన్నాయి. జూన్ 19న, బానిసత్వ విముక్తి దినోత్సవం నాడు, ఇంగిల్‌వుడ్ కచేరీలో దీనిని వరుసగా అయిదుసార్లు ప్రదర్శించి, ఎదురుముఠాలకు చెందినవారిని ఒకే వేదిక మీద నిలిపి ఫోటో తీయించాడు. నవంబరు 22న ముందస్తు ప్రకటన లేకుండా వచ్చిన ‘జి.ఎన్.ఎక్స్.’ ఆల్బమ్‌లో పేరులేని స్థానిక కుర్రవాళ్లకు చరణాలిచ్చాడు. డేరా బరేరా అనే గాయని చేత స్పానిష్‌లో ఆలపింపజేశాడు. నేటి కాంప్టన్‌లో లాటినో జనాభాయే ఎక్కువ కనుక అది కూడా ఊరిమాటే. 2025 ఫిబ్రవరి 2న ‘నాట్ లైక్ అస్’కు అయిదు గ్రామీలు వచ్చాయి. వారం తరువాత, ఫిబ్రవరి 9న, న్యూ ఆర్లియన్స్‌లో సూపర్ బౌల్ విరామ ప్రదర్శనకు ఒంటరిగా నాయకత్వం వహించిన తొలి ర్యాప్ కళాకారుడయ్యాడు.

ముగింపు

కెండ్రిక్ లమార్ శైలీ పరిణామాన్ని స్థూలంగా అనుకరణ, కథనం, జాజ్ విస్తృతి, క్లుప్తత, ఆత్మపరిశీలన, ఊరిమాట అని ఆరు దశలుగా చూడవచ్చు. ఈ దశలు మెట్లలా ఒకదానికంటే ఒకటి ఎత్తైనవి కావు. ప్రతి దశలోనూ వస్తువే శైలిని నిర్ణయించింది. స్నేహితుల చావు చెప్పడానికి అనేక గొంతులు కావలసి వచ్చాయి. జాతి చరిత్ర చెప్పడానికి జాజ్ కావలసి వచ్చింది. కుటుంబ రహస్యం చెప్పడానికి గుసగుస చాలింది. మారనిది మాటతీరు ఒక్కటే.

ఆయన పాటల్లోని బూతు, హింస, స్త్రీలను గురించిన కొన్ని మాటలు పాఠకులకు ఇబ్బంది కలిగించవచ్చు. వాటిని సమర్థించవలసిన పనిలేదు. పాత్ర నోటిమాట ఏది, కవి అభిప్రాయం ఏది అని వేరుచేసి వినడం అలవరచుకుంటే చాలు.

మన విద్యార్థులకు ఒక సూచనతో ఈ వ్యాసాన్ని ముగిస్తాం. కన్నడం కలిసిన తెలుగు, తమిళపు యాస గల తెలుగు, ఒడియా మాటలు చేరిన తెలుగు, మరాఠీ నీడలోని తెలుగు మీ ఇళ్లలో ఉంది. పెద్దవాళ్లు చెప్పే వలస కథలు, పెళ్లిపాటలు, తిట్లు, సామెతలు ఆ మాటలోనే ఉన్నాయి. ప్రామాణిక తెలుగు నేర్చుకోవలసిందే. కెండ్రిక్ కూడా బడిలో బాగా చదువుకున్నవాడే. కాని మీ కథ రాసేటప్పుడు మీ ఇంటిమాటను దిద్దుకోవద్దు. ఇంటికి వెళ్లినప్పుడు ఒక పుస్తకం దగ్గర పెట్టుకుని, మీ నాయనమ్మ చెప్పింది చెప్పినట్లు రాసి తెండి. ఈ విభాగం వాటిని ఆదరంతో స్వీకరిస్తుంది.